రోజువారీ ఒత్తిడి: అర్థం చేసుకుందాం, అదుపులో పెట్టుకుందాం



శుక్రవారం దర్శనం అయ్యాక చెప్పులు వేసుకుంటూ ఒకరినొకరు పలకరించుకున్నప్పుడు మన నోట ఎక్కువగా వచ్చే మాట ఏదో గమనించారా? "టెన్షన్". ఆఫీసులో టెన్షన్, వీసా రెన్యువల్ టెన్షన్, అబ్బాయి పదో తరగతి టెన్షన్, ఊళ్ళో అమ్మగారి షుగర్ టెన్షన్. వేరు వేరు సంగతులన్నిటినీ ఈ ఒక్క మాటలో ఇరికించేశాం. ఏ తాళానికి ఏ చెవి పడుతుందో తెలియకుండా గుత్తి మొత్తం చేతిలో పట్టుకుని తలుపు ముందు నిలబడినట్టుంది మన పరిస్థితి.

ఒత్తిడి లేని జీవితం ఎవరికీ ఉండదు. దాన్ని పూర్తిగా పోగొట్టుకోవాలని చూడడం కూడా ఒక కొత్త టెన్షనే అవుతుంది. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే మాత్రం దానితో మన వ్యవహారం మారుతుంది. ఈ వ్యాసంలో ముందు ఆ సంగతి, తర్వాత ఒమన్‌లో ఉన్న మన కుటుంబాలకు ప్రత్యేకంగా ఉండే ఒత్తిళ్ళు, చివరగా ఇంట్లో ఈ రోజు నుంచే చేయగలిగిన కొన్ని పనులు చెప్పుకుందాం.

ఒత్తిడి అంటే ఒంట్లో జరిగేది ఏమిటి?

రాత్రి పదకొండున్నరకు ఫోన్ మోగింది. తెర మీద ఊరి నంబరు. మనకన్నా ఇండియా గంటన్నర ముందుంటుంది కాబట్టి అక్కడ ఒంటిగంట. ఇంకా ఫోన్ ఎత్తనే లేదు, గుండె దడదడలాడుతుంది, నోరు ఎండుతుంది, అరచేతులు చెమర్చుతాయి. అవతలి నుంచి "ఏం లేదురా, చెయ్యి తగిలి ఫోన్ కలిసింది, పడుకో" అన్నా ఆ దడ తగ్గడానికి పావుగంట పడుతుంది. దూరదేశంలో ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన అనుభవమే ఇది.

ఆ కొద్ది క్షణాల్లో జరిగిందిది. మెదడు ప్రమాదం అనుకుంది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులకు కబురు పంపింది. అవి అడ్రినలిన్‌ను రక్తంలోకి వదిలాయి. గుండె వేగం పెరిగింది, ఊపిరి వేగమైంది, కండరాలకు రక్తం ఎక్కువగా వెళ్ళింది. ఆ వెంటనే జీర్ణం లాంటి అప్పటికి అత్యవసరం కాని పనులు నెమ్మదించాయి. కొద్ది నిమిషాల్లో కార్టిసాల్ అనే మరో హార్మోను తోడై, రక్తంలో చక్కెరను పెంచి శరీరానికి ఇంధనం అందించింది. పోరాడడానికో పారిపోవడానికో శరీరం చేసుకునే ఈ సన్నాహాన్ని అమెరికన్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వివరించాడు. 1936లో హాన్స్ సెల్యే అనే పరిశోధకుడు, కారణం ఏదైనా శరీరం స్పందించే తీరు మాత్రం చాలావరకు ఒకటేనని చూపించాడు. ఈనాడు మనం వాడే "స్ట్రెస్" అన్న మాటకు వైద్యంలో ఈ అర్థం రావడానికి ముఖ్య కారకుడు ఆయనే.

మనవాళ్ళకు ఈ లక్షణాలు కొత్త కాదు. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు తన స్థితిని కృష్ణుడికి ఎలా చెప్పుకున్నాడో గుర్తు చేసుకోండి. అవయవాలు పట్టు తప్పుతున్నాయంటాడు, నోరు ఎండుతోందంటాడు, ఒళ్ళు వణుకుతోందని, రోమాలు నిక్కబొడుచుకుంటున్నాయని, గాండీవం చేతిలోంచి జారిపోతోందని అంటాడు. అంతటి వీరుడికి కూడా ఒళ్ళు అలా స్పందించింది. అందుకు ఆయన్ను పిరికివాడని మనం అనుకోం. ఆ అధ్యాయానికి పేరే అర్జున విషాద యోగం. విషాదాన్ని కూడా యోగమని పిలిచిన సంప్రదాయం మనది. కాబట్టి గుండె దడగా ఉందని చెప్పుకోవడానికి మనకు సిగ్గు అక్కర్లేదు.

చిక్కు ఎక్కడుంది? ఈ ఏర్పాటు కాసేపటి ఆపద కోసం చేసింది. రాబర్ట్ సపోల్‌స్కీ అనే జీవశాస్త్రవేత్త 1994లో రాసిన పుస్తకంలో జీబ్రా ఉదాహరణ ఇచ్చాడు. సింహం తరిమితే జీబ్రా ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరుగెడుతుంది. తప్పించుకున్నాక మళ్ళీ గడ్డి మేస్తుంది. రేపు సింహం వస్తుందేమోనని రాత్రంతా మేలుకుని ఉండదు. మనిషి ఉంటాడు. మేనేజరు గురువారం సాయంత్రం పంపిన ఒక ఈమెయిల్‌ను శుక్ర, శనివారాలు రెండు రోజులూ మనసులో మళ్ళీ మళ్ళీ చదువుకుంటాడు. చదివిన ప్రతిసారీ ఒంట్లో అదే సన్నాహం మొదలవుతుంది. అది నెలల తరబడి సాగితే రక్తపోటు, నిద్రలేమి, చక్కెర అదుపు తప్పడం, చిరాకు, మతిమరుపు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చితికీ చింతకీ తేడా ఒక్క సున్నా అని మన పెద్దలు ఊరికే అనలేదు.

పెద్ద కష్టాలా, చిన్న చికాకులా?

ఒత్తిడి అనగానే మనకు పెద్ద సంఘటనలే గుర్తుకొస్తాయి. 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు మనోవైద్య పరిశోధకులు జీవితంలో వచ్చే 43 మార్పులకు మార్కులు వేసి ఒక పట్టిక తయారుచేశారు. ఆత్మీయుల మరణం, ఉద్యోగం పోవడం లాంటివే కాక పెళ్ళి, ఇల్లు మారడం, చివరికి సెలవులు కూడా అందులో ఉన్నాయి. మంచి మార్పు కూడా మనిషి మీద భారం మోపుతుందని ఆ పట్టిక గుర్తు చేస్తుంది.

1981లో రిచర్డ్ లాజరస్ బృందం మరో కోణం చూపించింది. మనిషి మనఃస్థితిని అంచనా వేయడానికి పెద్ద సంఘటనల కన్నా రోజువారీ చిన్న చికాకులే ఎక్కువగా ఉపయోగపడ్డాయి. పారేసుకున్న తాళం చెవి, ట్రాఫిక్, ఇంటి ఖర్చు, తీరని పని లాంటివన్న మాట. కొండంత కష్టం వచ్చినప్పుడు నలుగురూ వస్తారు, మనమూ నడుం బిగిస్తాం. రోజూ చెప్పులో గుచ్చుకునే చిన్న రాయిని మాత్రం ఎవరికీ చెప్పుకోం, తీసి పారేయం, అలాగే కుంటుతూ నడుస్తాం. కాబట్టి మన ఇంట్లో ఆ చిన్న రాళ్ళేవో గుర్తించడమే మొదటి పని.

ఒమన్‌లో మన చెప్పులోని రాళ్ళు

ఉద్యోగం, వీసా. ఇక్కడ మనం ఉండడం ఉద్యోగంతో ముడిపడి ఉంది. ఉద్యోగానికి ఇబ్బంది వస్తే జీతంతో పాటు ఇల్లు, పిల్లల బడి, స్నేహితులు అన్నీ ఒక్కసారిగా కదులుతాయి. 1988 నుంచి ఒమనైజేషన్ విధానం అమలులో ఉంది. తన దేశపు యువతకు ఉపాధి చూపించుకోవడం ఏ ప్రభుత్వానికైనా ధర్మమే. మనం వచ్చిన రోజే ఏదో ఒకనాడు తిరిగి వెళ్తామని తెలిసి వచ్చాం. తెలిసినా ఆ "ఏదో ఒకనాడు" ఎప్పుడన్నది తెలియకపోవడమే మనసును తొలుస్తుంది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పుకోవాలి. కొన్ని భయాలు వాటి కారణం పోయాక కూడా మిగిలిపోతాయి. "ఎన్.ఓ.సి. ఇవ్వకపోతే రెండేళ్ళు తిరిగి రాలేం" అన్న మాట చాలా ఇళ్ళలో ఇప్పటికీ వినిపిస్తుంది. 2021 జనవరి 1 నుంచి, కాంట్రాక్టు ముగిసిన ఉద్యోగి పాత యజమాని ఎన్.ఓ.సి. లేకుండానే మరో ఉద్యోగానికి మారే వీలు కలిగింది. 2023లో వచ్చిన కొత్త కార్మిక చట్టం, అంటే రాయల్ డిక్రీ 53/2023, రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటల పని, వారానికి రెండు రోజుల విశ్రాంతి, ఏడాదికి 30 రోజుల సెలవు అని సాధారణ నియమం పెట్టింది. మన హక్కులు, బాధ్యతలు కాగితం మీద ఏమున్నాయో ఒకసారి తీరిగ్గా చదువుకుంటే సగం పుకార్లు అక్కడే ఆగిపోతాయి.

ఎండ. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదన్న నియమం ఇక్కడ ఉందంటే ఎండ తీవ్రత అర్థం చేసుకోవచ్చు. 2018 జూన్ 26న ఖురియాత్‌లో రాత్రి పూట కూడా ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కంటే కిందికి దిగలేదు. అది ప్రపంచ వార్త అయింది. అలాంటి నెలల్లో పిల్లలు బయట ఆడుకోలేరు, పెద్దలు నడవలేరు, నలుగురూ నాలుగు గోడల మధ్య నాలుగు ఫోన్లతో ఉంటారు. వేసవిలో ఇంట్లో గొడవలు ఎక్కువైతే "మన మధ్య ఏదో తేడా వచ్చింది" అనుకునే ముందు "ఇది జూలై" అని ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.

ఇంట్లో ఉండే ఇల్లాలు. భర్త ఆఫీసుకు, పిల్లలు బడికి వెళ్ళాక ఫ్లాట్‌లో రోజంతా ఒక్కరే. ఊళ్ళో అయితే పక్కింటి పిన్నిగారు కూరగాయల బండి దగ్గర కనిపించేవారు. ఇక్కడ చదువు ఉండి కూడా ఉద్యోగం లేక, డ్రైవింగ్ లైసెన్సు లేక, గడప దాటాలంటే ఇంకొకరి వీలు చూసుకోవాల్సిన సోదరీమణులు మనలో చాలామంది ఉన్నారు. "నీకేం టెన్షన్, ఇంట్లోనేగా ఉంటావు" అన్న మాట వారికి ఎంత బరువో అన్నవారికి తెలియదు.

పిల్లలు. ఇక్కడి భారతీయ పాఠశాలల్లో చదివే పిల్లలకు బోర్డు పరీక్షలు ఒక ఎత్తయితే, ఆ తర్వాత ఎక్కడ చదవాలన్నది మరో ఎత్తు. నీట్, జేఈఈ కోసం పదకొండో తరగతికే హైదరాబాద్, విజయవాడ పంపాలా, ఇక్కడే ఉంచాలా? ఈ చర్చ భోజనాల దగ్గర రోజూ నడుస్తుంది. పిల్లవాడు తల వంచుకుని తింటూ ఉంటాడు. అతన్ని మాత్రం ఎవరూ అడగరు.

ఊళ్ళోని తల్లిదండ్రులు. ఇది అన్నిటికన్నా లోతైన రాయి. వాళ్ళు ఒంట్లో బాగోలేకపోయినా "దూరంగా ఉన్నాడు, కంగారుపడతాడు" అని మనకు చెప్పరు. మనం ఉద్యోగంలో ఇబ్బంది ఉన్నా "పెద్దవాళ్ళు, బెంగపెట్టుకుంటారు" అని వాళ్ళకు చెప్పం. ప్రేమతోనే రెండు వైపులా దాచుకుంటాం. అలా దాచుకోవడంతో ప్రతి ఫోన్ కాల్‌లోనూ ఒక అనుమానం మిగిలిపోతుంది.

ఒత్తిడి మేలు చేసే సందర్భం

ఇన్ని చెప్పాక ఒత్తిడంటే చెడ్డదేననిపిస్తుంది. అది నిజం కాదు. 1908లోనే యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో, కష్టమైన పని నేర్చుకోవడానికి ఒక మోతాదు వరకు ఉద్దీపన తోడ్పడుతుందని, అది దాటితే చెరుపు చేస్తుందని కనిపించింది. వీణ తీగ వదులుగా ఉంటే పలకదు, మరీ బిగిస్తే తెగుతుంది. పరీక్ష ముందు కాస్త గుబులు లేని పిల్లవాడు పుస్తకమే తెరవడు.

ఆ గుబులును మనం ఎలా చూస్తామన్నది కూడా ముఖ్యమే. 2010లో అమెరికాలో జెరెమీ జేమీసన్ బృందం ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతున్న విద్యార్థుల్లో కొందరికి ముందుగా ఒక్క మాట చెప్పింది: పరీక్ష ముందు గుండె వేగంగా కొట్టుకోవడం చెడ్డ సూచన కాదు, బాగా రాయడానికి అది సాయపడవచ్చు అని. ఆ మాట విన్నవారు లెక్కల భాగంలో మిగతావారి కన్నా మెరుగ్గా రాశారు. 2012లో వెలువడిన మరో పెద్ద అధ్యయనం సుమారు 28,700 మంది అమెరికన్ల వివరాలను ఏళ్ళ తరబడి పరిశీలించింది. తమకు ఒత్తిడి ఎక్కువని, అది తమ ఆరోగ్యాన్ని బాగా దెబ్బతీస్తోందని రెండూ నమ్మినవారిలో అకాల మరణం ముప్పు 43 శాతం ఎక్కువగా కనిపించింది. నమ్మకమే ప్రాణం తీసిందని దీన్నిబట్టి చెప్పలేం. అప్పటికే ఆరోగ్యం బాగాలేనివారు అలా నమ్మి ఉండవచ్చు. అయినా "ఈ టెన్షన్ నన్ను చంపేస్తోంది" అని రోజుకు పదిసార్లు అనుకోవడం వల్ల మేలు లేదని మాత్రం అర్థమవుతుంది.

లాజరస్, ఫోక్‌మన్ అనే పరిశోధకులు 1984లో దీన్ని సులువుగా వివరించారు. ఏదైనా ఎదురైనప్పుడు మనసు రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. ఇది నాకు ముప్పేనా? దీన్ని ఎదుర్కోవడానికి నా దగ్గర ఏమున్నాయి? రెండో ప్రశ్నకు జవాబు ఖాళీగా ఉన్నప్పుడే ఒత్తిడి మనల్ని ముంచుతుంది. కింద చెప్పుకునే పనులన్నీ ఆ రెండో జవాబును నింపడానికే.

ఇంట్లో చేయగలిగిన పనులు

పేరు పెట్టండి. "టెన్షన్‌గా ఉంది" అని వదిలేయకుండా "మార్చిలో వీసా అయిపోతుంది, కంపెనీ ఇంకా ఏమీ చెప్పలేదు, అందుకు భయంగా ఉంది" అని పూర్తి వాక్యం చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒత్తిడి మీద బొమ్మలతో ఒక చిన్న పుస్తకం విడుదల చేసింది. అందులో కూడా మనసును పట్టి లాగే ఆలోచనను గమనించి, దానికి పేరు పెట్టి, మళ్ళీ చేస్తున్న పనిలోకి దృష్టి తెచ్చుకోవడం ఒక ముఖ్యమైన అభ్యాసం. పేరు లేని భయం ఇల్లంతా తిరుగుతుంది. పేరు పెట్టాక అది ఒక మూల కూర్చుంటుంది.

రెండు గళ్ళు గీయండి. ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు నా చేతిలో ఉన్నవి, కుడివైపు లేనివి అని రాయండి. కంపెనీ నిర్ణయం కుడివైపు. ఎడమవైపు చాలానే ఉంటాయి: ఆరు నెలల ఖర్చుకు సరిపడా పొదుపు, సర్టిఫికెట్ల అటెస్టేషన్, పాస్‌పోర్టు గడువు, పిల్లల బదిలీ పత్రాలకు ఏం కావాలో తెలుసుకోవడం, బయోడేటా సరిచేసుకోవడం. వీటన్నిటికీ ఒక ఫైలు పెట్టండి. అది బీరువాలో ఎక్కడుందో భార్యాభర్తలిద్దరికీ తెలియాలి. ఫైలు సిద్ధం చేసినంత మాత్రాన ఉద్యోగం నిలబడదు. కానీ ఆ రాత్రి నిద్ర పడుతుంది.

నిద్రకు ముందు రాయండి. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో 57 మంది మీద చేసిన ప్రయోగంలో, పడుకునే ముందు ఐదు నిమిషాలు మర్నాడు చేయాల్సిన పనులు రాసినవారు, అప్పటికే చేసేసిన పనులు రాసినవారి కన్నా సగటున తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. చిన్న ప్రయోగమే అయినా, ఖర్చు లేని పని. సాయంత్రం కడక్ చాయ్ సంగతి కూడా చూసుకోండి. తాగిన కెఫీన్‌లో సగం ఐదారు గంటల తర్వాత కూడా చాలామంది ఒంట్లోనే ఉంటుంది. ఏడింటికి తాగిన టీ అర్ధరాత్రి వరకు కాపలా కాస్తుందన్న మాట.

ఊపిరి నెమ్మదించండి. అడ్రినలిన్‌ను మన ఇష్టంతో ఆపలేం, ఊపిరిని మాత్రం నెమ్మదించగలం. నాలుగు లెక్కపెట్టే దాకా పీల్చి, ఆరు లెక్కపెట్టే దాకా వదలండి. ఒక్కో లెక్క ఒక సెకను అనుకుంటే నిమిషానికి ఆరు ఊపిరులు. 2001లో ఇటలీలో లుచానో బెర్నార్డి బృందం 23 మందితో క్రైస్తవుల జపమాల ప్రార్థన, ఒక బౌద్ధ మంత్రం చెప్పించి చూసింది. రెండింటిలోనూ ఊపిరి దానంతట అదే నిమిషానికి సుమారు ఆరుకు తగ్గింది. గుండె, రక్తపోటు లయలు కూడా అందుకు అనుగుణంగా కుదురుకున్నాయి. మనం లయగా, తొందర లేకుండా చేసే నామజపంలోనూ ఊపిరి ఇలా సాగే వీలుంది. గడియారం చూస్తూ గబగబా ముగించే పారాయణానికి ఇది వర్తించదు. రెండు నిమిషాలు చేసినా చాలు, కానీ నెమ్మదిగా చేయండి. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు ఊపిరి బిగబట్టే అభ్యాసాలు వైద్యుణ్ణి అడక్కుండా చేయవద్దు.

నడవండి. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. పోరాడడానికో పారిపోవడానికో సిద్ధమైన కండరాలకు పని చెప్పడానికి నడకను మించినది లేదు. చలికాలంలో ఖుర్మ్ బీచ్, మత్రా కార్నిష్ ఉన్నాయి. వేసవిలో సూర్యోదయానికి ముందు, లేదంటే మాల్‌లో. కారు లేని సోదరీమణులు ఇద్దరు ముగ్గురు కలిసి మువాసలాత్ బస్సెక్కితే నడకా అవుతుంది, నాలుగు మాటలూ అవుతాయి.

ఇంట్లో ఒక పావుగంట. రోజూ రాత్రి భోజనం తర్వాత ఫోన్లు పక్కన పెట్టి పదిహేను నిమిషాలు కూర్చోండి. ఒకరు చెబుతుంటే మిగతావారు వినాలి, సలహా ఇవ్వకూడదు. ఇది వినడానికి తేలిక, చేయడానికి కష్టం, ముఖ్యంగా తండ్రులకు. కూతురు "లెక్కల టీచరంటే భయం" అనగానే "ట్యూషన్ పెట్టిస్తాలే" అంటే ఆ సంభాషణ అక్కడే ముగుస్తుంది. "ఏం జరిగింది తల్లీ?" అంటే మొదలవుతుంది.

ఊరికి ఫోన్. తల్లిదండ్రులతో ఒక ఒప్పందం చేసుకోండి: రోజూ ఒకే వేళకు ఫోన్, ఇక్కడ ఏడున్నర అంటే అక్కడ తొమ్మిది. ఆ వేళ కాకుండా చేస్తే విషయం ఏదైనా ముందు "అందరం బాగున్నాం" అన్న మాటతో మొదలుపెట్టాలి. నిజంగా బాగాలేకపోతే దాచకుండా చెప్పాలి. పక్కింటివారి నంబరు, డాక్టరు నంబరు, ఊళ్ళో వెంటనే వెళ్ళగలిగే బంధువు నంబరు మీ ఫోన్‌లో ఉంచుకోండి. అర్ధరాత్రి ఫోన్ భయం వీటివల్ల పూర్తిగా పోదు, కానీ అది మోగినప్పుడు ఏం చేయాలో చేతికి తెలిసి ఉంటుంది.

ఎప్పుడు సాయం అడగాలి?

రెండు వారాలకు పైగా రోజూ నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, కారణం లేకుండా ఏడుపు రావడం, తినలేకపోవడం లేదా అతిగా తినడం, మద్యం పెరగడం, "నేను లేకపోతే వీళ్ళకే మేలు" అన్న ఆలోచన రావడం. ఇలాంటివి ఉంటే అది రోజువారీ ఒత్తిడి పరిధి దాటిందని అర్థం. అప్పుడు పూజ చేయండి, జపం చేయండి, డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళండి. ఒకటి చేస్తే ఇంకొకటి చేయకూడదని లేదు. జ్వరానికి మందు వేసుకుంటే దేవుడి మీద నమ్మకం తగ్గినట్టు కాదు కదా.

ముందు మీకు అలవాటైన క్లినిక్ డాక్టరుతోనే మొదలుపెట్టవచ్చు. మస్కట్‌లో అమరాత్‌లోని అల్ మసర్రా ఆసుపత్రి మానసిక ఆరోగ్యానికే ప్రత్యేకించినది. సుల్తాన్ ఖాబూస్ యూనివర్సిటీ ఆసుపత్రిలోనూ ఆ విభాగం ఉంది. ప్రాణానికి ముప్పు అనిపిస్తే ఆలోచించకుండా 9999కు ఫోన్ చేయండి. ఊళ్ళో ఉన్న మీ వారికి అవసరమైతే భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులో కూడా దొరుకుతుంది.

ఇంకొక హెచ్చరిక. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లేదా దవడ లాగడం, చెమటలు పట్టడం వస్తే "గ్యాస్, టెన్షన్" అని సోడా తాగి పడుకోవద్దు. టెన్షనో కాదో డాక్టరు తేలుస్తారు. అది మన పని కాదు.

మనందరం చేయాల్సిన పని

ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పకుండా రోజూ టై కట్టుకుని కారెక్కి బయలుదేరే మనిషి కథ గల్ఫ్‌లో కొత్త కాదు. అతన్ని ఎక్కువగా బాధించేది డబ్బు ఒక్కటే కాదు, నలుగురిలో చులకన అవుతానన్న భయం. ఆ నలుగురూ మనమే. కాబట్టి ఆ భయం తగ్గించడం మన చేతిలోనే ఉంది.

మన పలకరింపులను ఒకసారి చూసుకుందాం. "ఇంకా అదే కంపెనీయా?", "బాబుకు ఎన్ని మార్కులు?", "ఊళ్ళో ఇల్లు అయిందా?" మనం మంచి మనసుతోనే అడుగుతాం. ఇబ్బందుల్లో ఉన్నవారికి మాత్రం ఒక్కో ప్రశ్న ఒక్కో పరీక్ష. అలాంటివారు మొదట మానేసేది ఆలయానికి రావడమే. దార్సైత్ కృష్ణ మందిరంలోనో పాత మస్కట్ శివాలయంలోనో ప్రతివారం కనిపించే ఒక కుటుంబం నెల రోజులుగా కనిపించడం లేదంటే ఒక ఫోన్ చేయండి. "ఎందుకు రావడం లేదు?" అని కాదు, "మిమ్మల్ని చూసి చాలా రోజులైంది, ఒకసారి భోజనానికి రండి" అని.

ప్రసాదం తీసుకుంటూ పక్కవారిని "ఎలా ఉన్నారు?" అని అడిగితే అందరూ "బాగున్నాం" అనే అంటారు. ఒక క్షణం ఆగి, రెండోసారి అడగండి. అసలు జవాబు చాలాసార్లు రెండోసారికే వస్తుంది. వచ్చినప్పుడు పూర్తిగా వినండి, విన్నది అక్కడే ఉంచండి.

సభ్య కుటుంబాలందరికీ ఆరోగ్యం, మనశ్శాంతి కలగాలని కోరుకుంటూ, వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.

సర్వే జనాః సుఖినో భవంతు.